యాడ ఆగిందో చెప్పమన్న మా అత్త

మా అత్త పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, హోసూరులో షిఫ్టు బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు నాకు ఆ కబురు అందింది. ఫోన్ చేసింది మా నాన్న. "అక్క," అన్నాడు. వెనక మా అమ్మ ఏడుపు వినబడుతోంది. "ఇట్ల ఇయ్యి, నేను చెప్తాను," అని ఆమె అడుగుతోంది. ఆయన ఫోన్ ఇవ్వలేదు. "అక్క పోయింది," అని తనే చెప్పాడు.

ఆ రెండు మాటలు ఆయన నోట రావడం ఎంత పెద్ద సంగతో మా ఊరివాళ్లకు తెలుసు. మీకూ తెలియాలనే ఇది రాస్తున్నాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. వేప్పనపల్లి దాటి కుప్పం వైపు పోయే దారిలో, రాష్ట్ర సరిహద్దుకు తమిళం వైపున, మామిడితోపుల మధ్య ఉంటుంది మా ఊరు. కర్మకు వచ్చినవాళ్లు ఆమె గురించి రెండు మాటలు అన్నారు. ఒకటి, శాంతంగా పోయిందని. రెండోది, మంచిదే గానీ మొండిదని. మొదటిది అబద్ధం. కృష్ణగిరి ఆసుపత్రిలో ఆఖరి రోజు కూడా ఆమె నర్సుతో వాదం పెట్టుకుంది. మంచం పక్కన మిషను ఆగకుండా మోగుతుంటే, "అది అట్లే మోగుతుందిలే అవ్వా," అని నర్సు వెళ్లిపోబోయిందట. "అట్లే మోగేదానికి దాన్ని యాల పెట్టినారు? చూడమ్మా, వేలికి పెట్టింది జారింది," అని చూపించిందట అత్త. నర్సు వచ్చి క్లిప్పు సరిగ్గా పెట్టగానే మోత ఆగిపోయింది. దీన్ని శాంతం అనరు.

రెండో మాట నిజమే. కానీ 'మొండిది' అన్నవాళ్లంతా 'గానీ' చేర్చి అన్నారు. నేను ఆ 'గానీ' తీసేసి చెబుతాను.

ఆమె పంతొమ్మిదేళ్ల వయసులో హోసూరులో మోటార్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరింది. మా ఊరి నుంచి ఆ పనికి పోయిన మొదటి ఆడమనిషి ఆమే. ముప్పై ఏళ్లకు పైగా టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేసింది. తిరగని మోటార్లన్నీ ఆమె బల్ల మీదికి వచ్చేవి. ఒక్కోదానికి ఒక చీటీ రాయాలి. 'పనిచేయడం లేదు' అని రాస్తే సూపర్‌వైజర్ చీటీ వెనక్కి పంపేవాడట. అది వాళ్లకు ముందే తెలుసు, ఎక్కడ తప్పుందో రాయాలి. ఆ అలవాటు ఆమెకు ఒంటికి పట్టేసింది. చిన్నప్పుడు నేను కడుపునొప్పి అంటే, "కడుపంటే ఇంత ఉండాది. యాడ?" అని అడిగేది. మిక్సీ ఆగినా, బోరు ఆగినా, బస్సు రాకపోయినా ఒకటే మాట. "ఆగిందంటే సరిపోదు. యాడ ఆగిందో చెప్పాల."

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "షిఫ్టు కుదరలేదు," అనేది. అది తమాషాగా అన్నదో నిజంగా అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. రిటైరయ్యాక మా ఇంటికే వచ్చి ఉండిపోయింది.

పోయిన ఏడు ఉగాది దాటిన వారానికి మా నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, ఆయన అనాలనుకున్నది మాత్రం నోటికి అందదు. సంతలో మామిడికాయల బేరంలో ఎవరికీ తగ్గని మనిషి, నీళ్లు కావాలంటే గ్లాసు చూపించి ఏడ్చేవాడు. మాట వచ్చినకాడికి వస్తుంది, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు అన్నారు ఆసుపత్రిలో. దగ్గర్లో మాట నేర్పించే చోటు ఒకటుంది, కానీ అక్కడ నేర్పేది తమిళంలో. నాన్నకు తమిళం బాగా వచ్చు కదా, పంపిద్దామని నేనే అన్నాను.

అత్త ఒప్పుకోలేదు. "వానికి అరవం వస్తాది, కన్నడం వస్తాది. పోగొట్టుకున్నది మాత్రం తెలుగులో. పోయినకాడ వెతకల్ల గానీ ఇంకో తావున వెతికితే దొరుకుతాదా?" అంది.

వెతికి వెతికి, ఎక్కడో దూరంలో ఉన్న ఒక టీచరమ్మ తెలుగులో నడిపే క్లాసును పట్టుకుంది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున పది గంటలకు, గంటసేపు. టీచరమ్మ ఇంటర్నెట్ ద్వారా టీవీలో ప్రత్యక్షంగా కనిపిస్తుంది. ఆమె నోరు ఎలా కదులుతుందో పెద్దగా చూపిస్తారు. చూసినవాళ్లు ఇళ్లలో అలాగే అనాలి. పక్కన ఫోన్ పెట్టి ఉంచితే ఆమె ఒక్కొక్కరి గొంతూ విని సరిచేస్తుంది. అందుకోసమే ఇంటికి ఇంటర్నెట్ లైను పెట్టించాం. గోడ మీద పెద్ద టీవీ పెట్టాం. అమ్మ నాన్నకు ఉతికిన చొక్కా తొడిగి కుర్చీలో కూర్చోబెట్టేది.

మొదటి రోజు పావుగంట బాగానే సాగింది. టీచరమ్మ నోరు పెద్దగా తెరిచి 'ఆ' అంటుండగా బొమ్మ ఆగిపోయింది. మధ్యలో రౌండు తిరగడం మొదలైంది. నాన్న కూడా నోరు తెరిచాడు. బొమ్మ కదలలేదు గనుక ఆయనా మూయలేదు. అలాగే కూర్చున్నాడు, నోరు తెరుచుకుని, పెదవి చివర ఉమ్ము కారుతూ. అమ్మ పరుగున వచ్చి కొంగుతో తుడిచి టీవీ ఆపేసింది.

తర్వాతి క్లాసులోనూ అదే జరిగింది. ఆ తర్వాతి దాంట్లో రెండుసార్లు. నాలుగో క్లాసుకు నాన్న కుర్చీలో కూర్చోనని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. టీచరమ్మ ఫోన్ చేసింది. ఆమె మంచిమనిషి, అయినా ఉన్నమాట చెప్పింది. "ఇలా మధ్యలో తెగిపోతుంటే ఆయనకు మేలుకంటే కీడే ఎక్కువ. తప్పు తనదే అనుకుంటారు. రెండు వారాల్లో మీ లైను సరికాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది. చాలామంది ఎదురుచూస్తున్నారు."

"రెండు వారాలు చాలు," అంది అత్త. అప్పటికి ఆమెకు రౌటర్ అంటే ఏమిటో కూడా తెలియదు.

లైను పెట్టినవాళ్లు రౌటర్‌ను చూపుకు అందంగా ఉండాలని ఇనుప బీరువా వెనక గూట్లో పెట్టి పోయారు. దాన్ని బయటికి తీసి నడిమింట్లో ఎత్తయిన స్టూలు మీద పెట్టించింది. ఫోన్లలో బొమ్మ బాగా వచ్చింది, టీవీలో మాత్రం ఆగుతూనే ఉంది. నేను ఆ శనివారం వస్తూ హోసూరు నుంచి పొడవాటి కేబుల్ తెచ్చాను. రౌటర్ నుంచి టీవీకి నేరుగా తగిలించాం. అదే పూటలో టీవీ సెట్టింగులు కూడా మార్చబోతే నా చేతి మీద కొట్టింది.

"ఒకేసారి రెండు మార్చితే ఏది సరి చేసిందో ఎట్ల తెలుస్తాది? ఒకటి మార్చు. చూడు. రాయి."

కేబుల్ పెట్టాక చిన్నచిన్న తడబాట్లు పోయాయి. కానీ ఉన్నట్టుండి మొత్తం ఆగిపోవడం మాత్రం పోలేదు, అప్పుడు ఫోన్లలోనూ బొమ్మ ఆగుతోంది. అంటే తప్పు గాలిలో లేదు, టీవీలోనూ లేదని ఆమె లెక్కతీసింది.

కంపెనీకి ఫోన్ చేసింది. రౌటర్ ఆపి మళ్లీ పెట్టమన్నారు. పెట్టింది. టీవీ పాతదై ఉంటుందన్నారు. కొత్తదే అని చెప్పింది. మనిషిని పంపించారు. అతను మధ్యాహ్నం మూడింటికి వచ్చి, స్పీడు చూసి, అంతా బాగుందని పోయాడు. ఇంకోసారి వచ్చి అదే చెప్పాడు. అతను పోయిన కాసేపటికి అత్త ఫోన్‌కు ఒక మెసేజి వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మీరు తృప్తి చెందినందుకు ధన్యవాదాలు అని. నేను చదివి వినిపించాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "నేను తృప్తి పడినానని చెప్పేదానికి వాళ్లెవురు?" అంది.

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టింది. రౌటర్ మీద నాలుగు లైట్లు. బొమ్మ ఆగిన ప్రతిసారీ టైమెంత, ఏ లైటు ఎలా ఉంది అని రాసేది. రెండు రోజుల్లో ఒక సంగతి తేలింది. ఆగిన ప్రతిసారీ ఎర్ర లైటు వెలుగుతోంది. అది బయటి నుంచి వచ్చే తీగలో ఏదో తెగినప్పుడే వెలుగుతుందని ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకుంది. "తప్పు మన ఇంట్లో లేదు పాపా. వీధిలో ఉండాది," అని నాకు ఫోన్ చేసి చెప్పింది. దొంగను గుర్తుపట్టినంత సంబరంగా ఉంది ఆ గొంతు.

తర్వాతి రోజు గడపలో కుర్చీ వేసుకుని వీధిని చూస్తూ కూర్చుంది. లోపల రౌటర్ దగ్గర అమ్మను నిలబెట్టింది. ఎర్ర లైటు రాగానే కేకెయ్యాలి. పొద్దున తొమ్మిదిన్నర దాటాక అమ్మ "ఎర్ర!" అని అరిచింది. సరిగ్గా అప్పుడే మామిడి లోడు లారీ ఒకటి ఇంటి ముందు పోతోంది. అత్త తల పైకెత్తింది. వీధికి అడ్డంగా వేలాడే సన్నటి నల్ల తీగను పైవరస పెట్టెలు రాసుకుంటూ పోతున్నాయి. తీగ అటూ ఇటూ ఊగుతోంది. అవతలి స్తంభం దగ్గర దాన్ని మోచెయ్యిలా మడిచి కట్టారు. ఊగినప్పుడల్లా ఆ మడత ఇంకా బిగుసుకుంటోంది.

అది కాయల కాలం. తెల్లవారుజామున కోసిన కాయలు పెట్టెలకెక్కి, గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు బయలుదేరేది పది గంటల ప్రాంతంలో. మా నాన్న క్లాసు కూడా పదికే. లైను చూసే మనిషి వచ్చే మూడింటికి వీధిలో ఎద్దుబండి కూడా ఉండదు.

"ఆ తీగలో కరెంటు పోదు, వెలుతురు పోతాది. మడిస్తే వెలుతురు బయటికి జారిపోతాది," అని ఆమె అందరికీ చెప్పింది. కంపెనీకి ఫోన్ చేసి లారీ సంగతి చెబితే అవతలి గొంతు నవ్వు ఆపుకోవడం స్పీకర్లో మాకు వినబడింది.

నేను సెలవు పెట్టాను. ఇద్దరం కృష్ణగిరిలో వాళ్ల ఆఫీసుకు పోయాం. బల్ల వెనక కూర్చున్న ఆయన తెలుగువాడే. నోటుబుక్కు తెరిచి ముందు పెడితే చూడను కూడా చూడలేదు. నా వైపు తిరిగి, "పెద్దావిడకు ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా? ఇంట్లో మగవాళ్లుంటే పంపించండి, మాట్లాడతాం," అన్నాడు.

అత్త గొంతు పెంచలేదు. "ఇంట్లో మగోడు ఉండాడప్పా. నా తమ్ముడు. వానికి మాట రాదు. ఆ మాట కోసమే వచ్చినాను," అంది.

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. మనిషిని పంపిస్తామన్నాడు.

"ఎప్పుడు?"

"వీలు చూసుకుని."

"శుక్రవారం తొమ్మిదిన్నరకి. రాసియ్యి. రాసేదాకా ఈడే కూర్చుంటాను. నాకు కూర్చొని పనిచేసే అలవాటు ముప్పై ఏళ్లది."

గంటన్నర కూర్చున్నాం. వచ్చేపోయేవాళ్లు ఆమెను అడగడం, ఆమె నోటుబుక్కు విప్పి వాళ్లకు చెప్పడం. నలుగురైదుగురు తమ ఇళ్ల గోడు కూడా వెళ్లబోసుకున్నారు. చివరికి ఆయన రాసిచ్చాడు.

అన్నిట్లో ఆమె న్యాయంగా ఉందని చెప్పను. అంతకు రెండు రోజుల ముందు, నాన్న క్లాసుకు లేవనంటే, ఆయన్ను మంచం మీద నుంచి బలవంతంగా లేపి కుర్చీని టీవీ వైపు లాగింది. నాన్న ఎడమచేత్తో ఆమెను తోసేశాడు. "మీ అక్కాతమ్ముళ్ల పంతానికి ఆయన పాణం తీస్తావా?" అని అమ్మ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కృష్ణగిరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త కిటికీ వైపు ముఖం పెట్టుకుని, "నేను వాన్ని అట్ల లాగింది తప్పు. మీ అమ్మ చెప్పింది న్యాయమే," అంది. ఇంటికి పోగానే మా అమ్మతోనూ అదే అంది. నాన్న దగ్గర కూర్చుని, "రేపటి నుంచి నువ్వు లేస్తానంటేనే," అని మాట ఇచ్చింది.

శుక్రవారం లైను మనిషి వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడే. స్పీడు చూడబోతుంటే అత్త అతని ముందు కాఫీ గ్లాసు పెట్టింది.

"కూర్చోప్పా. ఇప్పుడు బాగానే ఉంటాది. లారీ రానియ్యి."

పది గంటలకు క్లాసు మొదలైంది. నాన్న తనంతట తనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పది నిమిషాలకు లారీ చప్పుడు వినబడింది. అత్త వేలితో రౌటర్ చూపించింది. ఎర్ర లైటు. టీవీలో రౌండు. లైను మనిషి గ్లాసు కింద పెట్టి వీధిలోకి పోయి పైకి చూశాడు. నిచ్చెన వేసి మడత దగ్గర తీగను వేలితో కొంచెం కదిలించి చూశాడు. దిగి వచ్చి, "నిజమేనమ్మా," అన్నాడు. ఇన్ని రోజుల్లో ఆ మాట అన్న మొదటి మనిషి అతనే.

కానీ తీగ ఎత్తు పెంచాలంటే ఈవల ఇంకో స్తంభం కావాలట. దానికి పైనుంచి అనుమతి రావాలి. నెల పట్టొచ్చు.

"వాని నోరు నెలదాకా ఆగదు," అంది అత్త.

పక్కింటి పశువుల కొట్టం వెనక పొడవాటి నీలగిరి మాను ఒకటి పడి ఉంది. దాన్ని ఆమె ముందే అడిగి పెట్టుకుంది. మా ఇంటి ముందు, మా సొంత జాగాలో, గుంత కూడా తవ్వించి ఉంచింది. నలుగురు పట్టుకుని మానును నిలబెట్టారు.

"ఇది మా రూలు కాదమ్మా," అన్నాడు లైను మనిషి.

"లారీకి తగిలేటట్ల కట్టేది రూలా?"

అతను ఆ మాను వైపు చూశాడు, లోపల కుర్చీలో కూర్చున్న నాన్న వైపు చూశాడు. సంచీ తీసుకుని నిచ్చెన ఎక్కాడు. మడత ఉన్న ముక్క కత్తిరించి కొత్తగా అతికించాడు, తీగను లారీకి అందని ఎత్తులో మాను మీదికి ఎక్కించాడు. ఈసారి స్తంభం దగ్గర వెడల్పుగా చుట్టి కట్టాడు. దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అత్త అతనికి అన్నం పెట్టింది. అంతకుముందు అతను వచ్చిపోయినప్పుడు కోపంలో అన్న మాటలకు క్షమించమని కూడా అడిగింది. అతను సిగ్గుపడి పెరుగన్నం రెండోసారి వడ్డించుకున్నాడు.

సోమవారం క్లాసు గంటా ఆగకుండా నడిచింది. బుధవారం నడిచింది. మాట మాత్రం వెంటనే రాలేదు. రాదు కూడా. వారాల తరబడి నాన్న నోట వచ్చింది వట్టి గాలి, మూలుగు, ఒక్కోసారి అర్థం లేని శబ్దం. టీచరమ్మ మాత్రం చోటు తీసేయలేదు.

కాయల కాలం ముగిసిపోతున్న రోజుల్లో, ఒక ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. క్లాసు లేదు, టీవీలో ఏదో పాట వస్తోంది. అత్త గడపలో చిక్కుడుకాయలు తుంచుతోంది. దూరం నుంచి చప్పుడు వినబడింది. నాన్న కిటికీ వైపు చెయ్యెత్తి, పెదాలు కూడదీసుకుని, "లా," అన్నాడు. మేమందరం బిగుసుకుపోయాం. "లా... రీ."

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆమె చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. "ఎర్ర లైటు వచ్చిందేమో చూడు," అంది, మామూలుగా.

నాన్న తల తిప్పి రౌటర్ వైపు చూశాడు. లారీ ఇంటిని దాటిపోయింది. టీవీలో పాట సాగుతూనే ఉంది.

"లే... దు," అన్నాడు.

అప్పుడు ఏడ్చింది మా అమ్మ. అత్త లేచి కాయల పళ్లెం తీసుకుని పెరట్లోకి పోయింది. చాలాసేపటి దాకా రాలేదు.

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమె కోసం రావడం మొదలుపెట్టారు. టీవీ ఆగుతోందనీ, రౌండు తిరుగుతోందనీ. ఆమె ఒట్టి చేతులతో పోయేది, ముందు పావుగంట ఏమీ ముట్టుకోకుండా కూర్చుని చూసేది. చూపులేని తాత ఒకాయన ఇంట్లో హరికథలు వినేవాడు. లైను బలం చాలక మాట తెగేది. అత్త టీవీలో బొమ్మ నాణ్యత బాగా తగ్గించేసింది. "బొమ్మ మసకగా ఉంటే ఆయనకి ఏమి? మాట తెగకూడదు," అంది. ఇంట్లో కుర్రకారు గొణిగారు. తాత కథ వినేటప్పుడు అలాగే ఉండాలని ఆజ్ఞ వేసి వచ్చింది.

ఊళ్లోవాళ్లు ఆమెను మొండిదని అనుకోనీ. నేను కూడా అంటాను. బాగుందని ఎవరో చెబితే బాగుందని ఒప్పుకోలేదు. ఇంతేనని ఎవరో చెబితే ఇంతేనని ఊరుకోలేదు. ఆడమనిషివి, పెద్దదానివి, నీకెందుకు అన్నవాళ్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. మనలో ఎంతమందిమి పడని తృప్తిని పడినట్టు ఒప్పుకుని ఫోన్ పెట్టేస్తున్నామో నాకు తెలుసు. నేనూ అందులో ఒకదాన్నే. ఇకముందు ఉండకూడదని అనుకుంటున్నాను.

కాటిలో ఆమెకు పాలు పోసిన రోజున, బంధువులంతా భోంచేసి పోయాక, సరిహద్దు అవతలి ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో చీరముక్కలో చుట్టిన రౌటర్, దానికి కరెంటిచ్చే అడాప్టర్. అత్త పోయిన సంగతి ఆమెకు తెలియదు. అమ్మ చెప్పగానే గడపలో కూలబడి కళ్లు తుడుచుకుంది. కాసేపటికి మూట సర్దుకుని లేవబోయింది.

"కూర్చో," అన్నాడు నాన్న.

ఆమె చేతిలోని మూట అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ముడి విప్పడానికి ఎడమచెయ్యి చాలక తంటాలు పడుతుంటే ఆమే విప్పింది. కరెంటు పెట్టి చూశారు, ఒక్క లైటూ రాలేదు. నాన్న మా ఇంటి రౌటర్ అడాప్టర్ ఊడదీయమని నాకు సైగ చేశాడు. రెండు అడాప్టర్ల మీద ఉన్న అంకెలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే పోల్చుకున్నాడు. తర్వాత ఆమె రెండు చేతులతో రౌటర్ పట్టుకుంటే, ఆయన ఒక చేత్తో మా అడాప్టర్ పిన్ను దానికి గుచ్చాడు. పచ్చ లైటు వెలిగింది. ఆమె అడాప్టర్‌ను నేల మీంచి తీసి, అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"ఇది," అన్నాడు.